మోకాలి మార్పిడి తర్వాత రసి కారుతుంటే మాత్ర వేయాలా?

అమ్మగారికి విశాఖలో మోకాలి మార్పిడి జరిగి రెండు నెలలు, మానిన కుట్టు దగ్గర అయిదు రోజులుగా రసి, సీఆర్పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే రక్తపరీక్ష) ఆరే వచ్చింది, రాయగడలో రాసిన యాంటీబయోటిక్ మొదలుపెట్టాలా అని అడిగారు.

ఇవాళే సర్జన్‌కి ఫోన్ చేయండి, ఆయన చెప్పేదాకా మాత్ర వేయకండి. చలిజ్వరం, మగత, బీపీ పడిపోవడం ఉంటే మాత్రం ఆగొద్దు, దగ్గర్లోని ఎమర్జెన్సీకే వెళ్లండి. మాత్రతో రసి తగ్గినట్టే ఉంటుంది గానీ లోపల అమర్చిన లోహం మీద పొరకట్టిన క్రిములు చావవు. పైగా కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగక, ఏ మందు పనిచేస్తుందో తెలియకుండా పోతుంది. ఇప్పటికే వేసి ఉంటే పేరు, తేదీలు రాసి పట్టుకెళ్లండి.

సీఆర్పీ రిపోర్టులో అంకె పక్కన యూనిట్ చూడండి. లీటరుకు 6 మిల్లీగ్రాములైతే మామూలే. డెసిలీటరుకు 6 అంటే లీటరుకు 60, రెండు నెలలకి అది ఎక్కువే. మామూలుగా ఉన్నా ఇన్‌ఫెక్షన్ లేదని కొట్టేయడానికి లేదు.

తేల్చేది జాయింట్ నీరే. రసి కారే చోటు తప్పించి సూది వేస్తారు. కొంత ఊదారంగు మూత ట్యూబులో కణాల లెక్కకి, మిగతాది బ్లడ్ కల్చర్ సీసాల్లోకి. ఆపరేషన్ అయి ఆరు వారాలు దాటాక మైక్రోలీటరుకు తెల్లకణాలు 3000, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం 80 శాతం మించితే ఇన్‌ఫెక్షన్ అనుమానం బలపడుతుంది. కల్చర్ 14 రోజులు ఉంచమని చీటీలో రాయించండి, నిదానంగా పెరిగేవి అయిదో రోజుకి కనబడవు. టీబీ కల్చర్ కూడా అడగండి. పుండు పైన దూదిపుల్లతో తీసే స్వాబ్ డబ్బు దండగ, చర్మం మీది క్రిములే వస్తాయి. రాయగడలో నీరు తీయించి బస్సులో పంపడమూ వద్దు, దారిలో కణాలు చెడతాయి. రసి దారి జాయింట్ దాకా ఉందని తేలితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, అదే రుజువు.

లక్షణాలు మొదలై మూడు వారాల లోపే, లోహం కదలకుండా, చర్మం బాగుంటే, తెరిచి చెడిన కండ తీసి, కడిగి, మధ్యలో ప్లాస్టిక్ ముక్క మార్చి లోహం ఉంచేయొచ్చు. అందుకే తొందర. ఆ ముక్క అదే కంపెనీది, సరిపడే సైజుది కావాలి, డిశ్చార్జి ఫైలులో ఇంప్లాంట్ స్టిక్కర్లు వెతికిపెట్టండి. ఆలస్యమైతే ఎక్కువగా రెండు ఆపరేషన్లు: లోహం తీసి యాంటీబయోటిక్ కలిపిన సిమెంట్ స్పేసర్ (ఖాళీలో తాత్కాలికంగా ఉంచే ముక్క) పెట్టి, ఆరు వారాలు మందులిచ్చి, తర్వాత కొత్తది.

స్టాఫ్ (స్టెఫిలోకాకస్) క్రిమి అయితే రిఫాంపిసిన్ అనే యాంటీబయోటిక్ మరో మందుతో జతగా ఇస్తారు, ఒక్కటే వాడితే త్వరలోనే పనిచేయడం మానేస్తుంది. మూత్రం నారింజ రంగులో వస్తే భయం లేదు, కళ్లు పచ్చబడితే వెంటనే చెప్పాలి. రక్తం పలచబరిచే వార్ఫరిన్, కొన్ని షుగర్ మాత్రల పనిని అది తగ్గించేస్తుంది, అమ్మగారు రోజూ వాడేవన్నీ ముందే చూపించండి.