రీజెంట్స్ పరీక్షలు నడపబోతున్న మా చిట్టికి

చిట్టీ,

రాత్రి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున్నే చూశాను. జూన్ రీజెంట్స్‌కి, అదే న్యూయార్క్ రాష్ట్రం హైస్కూలు పిల్లలకి పెట్టే పరీక్షలకి, నిన్ను టెస్టింగ్ కోఆర్డినేటర్‌గా వేశారని, పాతాయన ఒక లావుపాటి ఫైలు నీ చేతిలో పెట్టి వేరే స్కూలుకి వెళ్లిపోయాడని, "పెద్దమ్మా, పరీక్ష గదిలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే ప్రాక్టరింగ్ అంటే చేశాను కానీ మొత్తం నడపడం నా వల్ల అవుతుందా" అని. అవుతుంది. న్యూయార్క్ పబ్లిక్ స్కూల్లో లెక్కలు చెప్తూనే పదకొండేళ్లు ఆ పని చేశాను, చేయకూడని తప్పులు కూడా చేశాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా. ఇంకా ఆరు వారాలుంది కాబట్టి నిదానంగా చదువు.

ముందుగా, స్టాఫ్ రూములో నీకు ఒక మాట వినపడుతుంది, "ఎలాగూ తీసేస్తున్నారుగా, ఎందుకింత హడావుడి" అని. నిజమే, 1878 నుంచి హైస్కూలు పిల్లలకి పెడుతున్న ఈ పరీక్షల్ని 2027-28 నుంచి డిప్లొమాకి తప్పనిసరి కాకుండా చేయాలని 2024 నవంబరులో రాష్ట్ర విద్యాశాఖ ప్రణాళిక బయటపెట్టింది. కానీ ఈ జూన్‌లో నీ ముందు కూర్చునే పన్నెండో క్లాసు పిల్లకి ఆ వార్త వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ పిల్లకి ఇంగ్లిష్, లెక్కలు, సైన్సు, సోషల్, పైన ఇంకొకటి, మొత్తం ఐదింటిలో 65 రావాలి, రాకపోతే గౌను వేసుకుని స్టేజీ ఎక్కాల్సిన రోజున ఇంట్లో కూర్చుంటుంది. ఆ మాట అన్నవాళ్లతో వాదన పెట్టుకోకు, నీ పని నువ్వు చేసుకో.

నువ్వు పరీక్ష రోజు గురించి టెన్షన్ పడుతున్నావు. నన్నడిగితే భయపడాల్సింది జాబితా గురించి.

ఒక ఏడాది నేను ఎక్స్‌ట్రా టైమ్ పిల్లల జాబితా ఏప్రిల్‌లో ప్రింట్ తీసి, చక్కగా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పని అయిపోయిందని సంబరపడ్డాను. మే రెండో వారంలో ఒక అబ్బాయి ఐఈపీ, అంటే స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకి ఏ సాయం ఇవ్వాలో రాసే ప్లాన్, మారింది, వాడికి ఒకటిన్నర రెట్లు టైమ్, అంటే మూడు గంటల పేపరుకి నాలుగున్నర గంటలు. ఆ కాగితం నా దాకా రాలేదు, నేనూ వెళ్లి అడగలేదు. అందరితో పాటు జిమ్‌లో కూర్చోబెట్టాం. పన్నెండుంపావుకి ప్రాక్టర్ "పెన్నులు కింద పెట్టండి" అనగానే వాడు చెయ్యెత్తి, "నాకింకా టైమ్ ఉంది కదా" అన్నాడట. ప్రాక్టర్ నా జాబితా తిరగేశాడు, పేరు లేదు, పేపర్ తీసుకున్నాడు. వాడు ఇంకో మాట మాట్లాడకుండా ఇచ్చేసి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేస్తే గానీ నాకు తెలియలేదు. 61 వచ్చింది. ప్రిన్సిపాల్‌కి చెప్పాం, పైకి రాశాం, ఆగస్టులో మళ్లీ రాశాడు, అవన్నీ అయ్యాయి, కానీ వాడి వేసవి సెలవులు నా ప్లాస్టిక్ కవర్ మింగేసింది.

కాబట్టి జాబితా మూడుసార్లు తీయి. ఇప్పుడొకటి, మే ఆఖర్లో ఒకటి, పరీక్షకి ముందు రోజు సాయంత్రం ఒకటి. ప్రతిసారీ స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ల దగ్గరికి, 504 ప్లాన్లు (వైకల్యం ఉన్న పిల్లలకి ఇచ్చే సదుపాయాల కాగితాలు) చూసే కౌన్సెలర్ దగ్గరికి నువ్వే నడిచి వెళ్లి, ఎదురుగా కూర్చోబెట్టి, పేరు పేరునా చదివించు. ఈమెయిల్ పెట్టి "చూసి చెప్పండి" అంటే చూడరు, ఎవరి పనిలో వాళ్లుంటారు. ఇంకోటి, ఆ తర్వాత నేను మొదలుపెట్టింది, ప్రతి పిల్లకీ వారం ముందే ఒక చీటీ ఇవ్వు: నీ గది ఇది, నీ టైమ్ ఇంత, నీకు పేపర్ చదివి వినిపించేవాళ్లు ఉంటారు లేదా ఉండరు. పిల్లలకి తమకేం రావాలో మనకంటే బాగా తెలుసు, చీటీ తప్పుగా ఉంటే ఆ రోజే పరిగెత్తుకుంటూ వస్తారు.

ఈ ఎక్స్‌ట్రా టైమ్‌తో ఇంకో మెలిక ఉంది. పొద్దున 9:15కి మొదలుపెట్టిన పిల్ల 1:45 దాకా రాస్తుంది, మధ్యాహ్నం పరీక్ష 1:15కి మొదలు. రెండూ రాసేవాళ్లుంటే వాళ్ల పేర్ల పక్కన ఎర్ర గీత పెట్టుకో. మధ్యలో వాళ్లకి తిండి కావాలి, బాత్రూమ్ కావాలి, అంతసేపూ ఒక పెద్దమనిషి కాపలా ఉండాలి, బయట ఎవరితోనూ మాట్లాడకూడదు. ఆ కాపలా మనిషిని ముందే పెట్టుకోకపోతే చివరికి నువ్వే శాండ్‌విచ్ పట్టుకుని కారిడార్లో నిలబడతావు. నేను నిలబడ్డాను.

ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకీ టైమ్ ఎక్కువుంటుంది. స్పానిష్, చైనీస్, రష్యన్, కొరియన్, హైతీ క్రియోల్ భాషల్లో అచ్చు వేసిన పేపర్లు దొరుకుతాయి, ఇంగ్లిష్ పేపర్, ఆ భాష పేపర్ రెండూ పక్కపక్కన పెట్టుకుని రాయొచ్చు, ఇంగ్లిష్ పరీక్షకి మాత్రం కుదరదు. కానీ అవి ముందే అడిగితేనే వస్తాయి. అచ్చు పేపర్ లేని భాషల పిల్లలకి నోటితో అనువదించే మనిషిని వెతకాలి, అది రెండు రోజుల్లో అయ్యే పని కాదు. రెండు భాషల డిక్షనరీలు, గ్లాసరీలు (పదాల పట్టికలు) ఇవ్వొచ్చు, వాటిలో మాటకి మాట మాత్రమే ఉండాలి, వివరణలు ఉండకూడదు. పంచేముందు పేజీలు తిప్పి చూడు, పోయినేడు వాడినవాళ్లు పెన్సిల్‌తో ఫార్ములాలు రాసి ఉంటారు. ఒకసారి ఒక తెలుగమ్మాయి వచ్చింది, కొత్తగా దిగింది, ప్రిన్సిపాల్ నన్నే అనువాదానికి కూర్చోమన్నారు. నేను గంభీరంగా "పరావలయం" అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "ఆంటీ, పారాబొలా అనండి, అది తెలుసు" అంది.

సైన్సు పేపర్లకి ల్యాబ్ సంగతి మర్చిపోకు. 1,200 నిమిషాల ల్యాబ్, దానికి సరిపడా రిపోర్టులు ఉంటేనే పరీక్షకి కూర్చోనివ్వాలి. ఏ పిల్లకి ఎన్ని తక్కువున్నాయో మే మధ్యలోనే సైన్సు టీచర్ల దగ్గర రాబట్టు, అప్పుడైతే సాయంత్రాలు కూర్చుని పూర్తి చేసుకునే వీలుంటుంది. జూన్‌లో గుమ్మం దగ్గర ఆపితే ఆ ఏడుపు నువ్వు చూడలేవు.

పేపర్లు తాళం వేసిన ఇనప పెట్టెల్లో వస్తాయి. లోపల ప్యాకెట్ల సీలు పరీక్ష రోజు దాకా ముట్టుకోవద్దు, పైన రాసిన లెక్క మాత్రం వచ్చిన రోజే నువ్వు అడిగిన లెక్కతో సరిచూసుకో. ఒక ప్యాకెట్ తక్కువైతే ఆ రోజే తెలియాలి, పరీక్ష పొద్దున ఎనిమిదింటికి తెలిస్తే లాభం లేదు. తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గరే ఉండనీ, నీ హ్యాండ్‌బ్యాగులో పడేసుకుని ఇంటికి తెచ్చుకోకు.

ఇక ఆ రోజు. 10 గంటల నియమం నీకు తెలుసు, పొద్దున పరీక్షకి 10 దాటాక వచ్చిన పిల్లని రాష్ట్రంలో ఎక్కడా లోపలికి రానివ్వరు, 10 కాకముందు ఎవర్నీ బయటికి పంపరు. మధ్యాహ్నం అయితే 2. ముందొచ్చినవాడు ప్రశ్నలు చూసి బయటికొచ్చి, ఇంకా గేటు దాటనివాడికి చెప్పకుండా. తెలుసుకోవడం వేరు, 10:04కి ఆయాసపడుతూ వచ్చిన పిల్లాడికి "లేదు నాన్నా" అని చెప్పడం వేరు. నాకు ఆ పని పడింది. బస్సు మిస్సయ్యాడు, చొక్కా తడిసిపోయింది, రెండు పెన్సిళ్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. రానివ్వలేదు. ఆ మరుసటి సంవత్సరం నుంచి 9:20కి రానివాళ్ల పేర్లు తీసి, ఆఫీసులో ముగ్గుర్ని కూర్చోబెట్టి ఇళ్లకి ఫోన్లు చేయించాను. నిద్రపోతున్నవాళ్లు దొరికారు, పరీక్ష మధ్యాహ్నం అనుకున్నవాళ్లు దొరికారు. నీకు ఆ ముగ్గురెవరో ఇప్పుడే అడిగి పెట్టుకో.

ఫోన్ల గురించి ప్రాక్టర్ మొదట్లో ఒక ప్రకటన చదవాలి. దాన్ని గోడకి చెప్పినట్టు చదివేవాళ్లే ఎక్కువ. నువ్వు ప్రాక్టర్ల మీటింగులో గట్టిగా చెప్పు, ఫోన్ వాడడం మాత్రమే కాదు, ఆఫ్ చేసి జేబులో ఉంచుకున్నా ఆ పేపర్ చెల్లదు. స్మార్ట్ వాచీలు, చెవిలో పెట్టుకునేవి కూడా అంతే. పేరు రాసిన కవర్లు పంచి, అందులో వేయించి, ఆ తర్వాత ఇంకోసారి "ఎవరైనా మర్చిపోయారా" అని అడిగి ఒక నిమిషం ఊరుకోమను. ఆ నిమిషం మౌనంలో ఎవడో ఒకడు తప్పకుండా జేబు తడుముకుంటాడు.

కాలిక్యులేటర్లు ముందు రోజే మెమరీ చెరిపేసి, బ్యాటరీలు మార్చి పెట్టించు. బెల్లు ఆపించు, ఏటా మర్చిపోతారు. జూన్‌లో జిమ్ ఉడికిపోతుంది, పెద్ద ఫ్యాన్లు పెడితే జవాబు కాగితాలు లేచి ఎగురుతాయి, కాబట్టి ఎక్కడ పెట్టాలో ముందే ఒకసారి ఆన్ చేసి చూసుకో. ప్రాక్టర్లు లాప్‌టాప్ తెచ్చుకోకూడదు, తిరుగుతూ ఉండాలి, కిర్రుమనే బూట్లు వద్దు. నవ్వకు, ఆ కిర్రు మీద నాకు రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చింది.

దిద్దడం గురించి కొంచెం మొహమాటంగానే రాస్తున్నా. వెనకటికి లెక్కలు, సైన్సు పేపర్లలో 60 నుంచి 64 మధ్య వచ్చినవాటిని మళ్లీ చూడాలని రాష్ట్రమే చెప్పేది, స్కూల్లో మేమే దిద్దేవాళ్లం, మా పిల్లలవే. "ఇక్కడ ఇంకో మార్కు ఇవ్వొచ్చు కదా" అని నేనూ అన్నాను. మొత్తం లెక్కలు తీస్తే 65 దగ్గర కుప్పగా మార్కులు కనపడ్డాయి. 2011లో ఆ మళ్లీ దిద్దడం ఆపేశారు, ఆ తర్వాత ఎవరి పిల్లల పేపర్లు వాళ్లు దిద్దకూడదన్నారు. అప్పట్లో కోపం వచ్చింది. ఇప్పుడు అనుకుంటే, నేను మార్కు వెతికి ఇచ్చిన పిల్లలు నాకు తెలిసినవాళ్లే, పక్క గదిలో నోరు లేని పిల్లకి ఎవరూ వెతకలేదు.

కాబట్టి నీ దగ్గరికి ఎవరైనా "63 కదా, ఏదైనా చూడు" అని వస్తే పేపర్ వైపు చెయ్యి చాచకు, అప్పీలు ఫారం తీసి ఇవ్వు. 60 నుంచి 64 వచ్చి, ఆ పరీక్ష కనీసం రెండుసార్లు రాసి, క్లాసులో ఆ సబ్జెక్టు పాసై, అదనపు సాయం తీసుకున్నట్టు కాగితాలుంటే, టీచర్ సిఫార్సుతో అప్పీలు చేయొచ్చు. చాలామందికి ఈ దారి ఉందనే తెలియదు. ఆ సాయం క్లాసుల హాజరు ఎవరు దాస్తున్నారో కనుక్కో, సాధారణంగా ఎవరూ దాయరు.

ఇంకొక్కటి, పేపర్ తీసుకునేటప్పుడు ఎవరి సాయమూ తీసుకోలేదని చెప్పే డిక్లరేషన్‌లో పిల్ల సంతకం పెట్టిందో లేదో ప్రాక్టర్ కళ్లతో చూశాకే పంపాలి. వెళ్లిపోయాక వెతికి పిలిపించడం నరకం.

శనివారం పొద్దున ఖాళీగా ఉంటాను. మొదటి జాబితా స్క్రీన్ మీద పెట్టుకుని ఫోన్ చెయ్యి, పిల్లల పేర్లు నాకు చెప్పొద్దు, నంబర్లు వేసుకో చాలు, ఒక్కొక్క వరస కలిసి చూద్దాం.

మీ పెద్దమ్మ