ఎస్‌వీఎన్ నుంచి గిట్‌కి మారే టీమ్‌కి ఏ జీయూఐ మంచిది?

కోడ్ మార్పుల్ని భద్రపరిచే ఎస్‌వీఎన్‌కి ఇన్నాళ్లూ టార్టాయిస్‌ఎస్‌వీఎన్ అనే జీయూఐ (మౌస్‌తో వాడే టూల్) వాడారు, ఇప్పుడు టీమ్ మొత్తం అదే పని చేసే గిట్‌కి మారుతోంది. ఎక్కువమంది విండోస్ మీద, కొందరు ఉబుంటు మీద. కమాండ్ లైన్ అంటే చాలామందికి టెన్షన్. కాబట్టి గిట్‌కి అలాంటిదే అయిన టార్టాయిస్‌గిట్ పెట్టేసుకుంటే సరిపోతుందా అని కదా మీ ప్రశ్న. నా ఓటు దానికి కాదండీ.

అది విండోస్‌లో మాత్రమే నడుస్తుంది, మీ ఉబుంటు వాళ్లకి ఎలాగూ పనికిరాదు. అసలు చిక్కు వేరే. అచ్చం పాతదానిలాగే ఉంటుంది: అదే రైట్ క్లిక్ మెనూ, ఐకాన్ల మీద అవే టిక్కులు. దాంతో మనసు కూడా ఎస్‌వీఎన్‌లోనే ఉండిపోతుంది. అక్కడ కమిట్ (మార్పుల్ని నమోదు చేయడం) నొక్కితే మార్పు నేరుగా సర్వర్‌కి వెళ్లేది. గిట్‌లో కమిట్ మన మెషీన్‌లోనే ఉంటుంది, పుష్ చేసేదాకా, అంటే సర్వర్‌కి పంపేదాకా, పక్క సీటువాళ్లకి కూడా కనబడదు. మా ఆఫీసులో ఇలాగే మారిన కొత్తలో "నిన్ననే కమిట్ చేశా కదా, మీకు రాలేదా?" అన్న మాట తెగ వినబడేది. రివర్ట్ సంగతి మరీ ప్రమాదం. టార్టాయిస్‌గిట్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి రివర్ట్ అంటే, ఇంకా కమిట్ చేయని మార్పుల్ని చెరిపేయడం. గిట్ కమాండ్‌గా రివర్ట్ అంటే, పాత కమిట్‌ని రద్దు చేస్తూ కొత్త కమిట్ వేయడం. ఎవరో "రివర్ట్ చెయ్యి" అన్నారు కదా అని మెనూలో నొక్కితే పొద్దుట్నుంచి రాసిన కోడ్ ఎగిరిపోతుంది.

అందుకే మొదట్లో గిట్ గుయ్, గిట్‌కె వాడమంటాను. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేస్తే రెండూ దాంతోపాటే వస్తాయి, ఉబుంటులో విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. చూడ్డానికి పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటాయి, మీ టీమ్‌లో కుర్రాళ్లు నవ్వినా నవ్వుతారు. కానీ గిట్ గుయ్‌లో ఎడమవైపు పైన స్టేజ్ చేయని (తర్వాతి కమిట్‌కి ఇంకా ఎంచుకోని) ఫైళ్లు, కింద స్టేజ్ చేసినవి, కుడివైపు డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపేది), దాని కింద కమిట్ మెసేజ్ ఉంటాయి. కమిట్‌కి ఒక బటన్, పుష్‌కి వేరే బటన్. బగ్ సరిచేస్తూ మధ్యలో టెస్టింగ్ కోసం ఓ ప్రింట్ లైన్ పెట్టారనుకోండి, డిఫ్‌లో కావలసిన లైన్ల మీద రైట్ క్లిక్ చేసి వాటినే స్టేజ్ చేయొచ్చు, ప్రింట్ లైన్ కమిట్‌లోకి రాదు. ఇక కమిట్ల హిస్టరీ చూపే గిట్‌కె తెరిస్తే, పుష్ చేయని కమిట్లు ఉన్నప్పుడు మీ మెయిన్ బ్రాంచ్ (కమిట్ల ప్రధాన వరుస) పేరు పైన, సర్వర్‌లో అది ఎక్కడిదాకా వచ్చిందో చూపే ఆరిజిన్ మెయిన్ రెండు మూడు కమిట్ల కింద కనిపిస్తుంది. "మీకు రాలేదా?" అన్న ప్రశ్నకి జవాబు అదే.

ఇదంతా అలవాటయ్యాక అందమైనదానికి మారండి. సోర్స్‌ట్రీ, ఫోర్క్ రెండూ బాగుంటాయి కానీ లినక్స్‌కి లేవు. గిట్‌హబ్ డెస్క్‌టాప్ అన్నిటికన్నా సులువు, గిట్‌హబ్ కాక వేరే సర్వర్‌లో ఉన్న రెపోలూ (ప్రాజెక్టు కోడ్, దాని హిస్టరీ ఉండే చోట్లు) తెరుస్తుంది. కాకపోతే బ్రాంచీల గ్రాఫ్ చూపించదు, హిస్టరీ అంతా ఒకే వరుస. మెర్జ్‌లు (బ్రాంచీల్ని కలపడాలు) ఎక్కువుండే టీమ్‌కి అది నాకు నచ్చదు. గిట్‌క్రాకెన్ అన్నిచోట్లా నడుస్తుంది, ప్రైవేట్ రెపోలకి మాత్రం డబ్బు కట్టాలి. నేను రోజూ వాడేది సబ్లైమ్ మెర్జ్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ ఉంది, వేగంగా తెరుచుకుంటుంది, ఏ బటన్ వెనక ఏ గిట్ కమాండ్ ఉందో దాచదు. లైసెన్స్ కొనకముందు ట్రయల్‌కి గడువు లేదు, డార్క్ థీమ్ ఒక్కటే రాదు. వీఎస్ కోడ్ ఎడిటర్ వాడేవాళ్లు రోజువారీ కమిట్లకి అందులో ఉన్న గిట్ టూల్‌నే వాడుకోవచ్చు.

విండోస్, ఉబుంటు కలిసి ఉన్నాయి కాబట్టి ఇంకో మాట. ఏ టూల్ ఎంచుకున్నా మొదటి రోజే రెపోలో డాట్ గిట్ యాట్రిబ్యూట్స్ (.gitattributes) ఫైల్ పెట్టి, టెక్స్ట్ ఆటో (* text=auto) సెట్టింగ్ రాయండి. లేకపోతే లైన్ ఎండింగ్స్ (లైన్ చివర ఉండే కనబడని గుర్తులు) విండోస్‌లో ఒకలా, ఉబుంటులో ఇంకోలా ఉండే తేడాకి ఒక్క అక్షరం మార్చినా డిఫ్‌లో ఫైల్ మొత్తం ఎర్రగా, పచ్చగా కనబడొచ్చు. తప్పు జీయూఐదే అనుకుని మళ్లీ ఇంకో టూల్ వెతుక్కుంటారు.