టెక్ సందేహాలు: గొడ్డలి ఎత్తితే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా సర్వైవల్ గేమ్‌ల గురించే. ఇంట్లో పాల ప్యాకెట్ తెమ్మంటే లేవని వాళ్లం, అక్కడ మాత్రం మూడు గంటలు కట్టెలు కొట్టి, గుడిసె కట్టి, చీకటి పడేలోపు మంట రాజేస్తాం. నేనూ ఆ బాపతే కాబట్టి ముందు వాటి సంగతే చూద్దాం.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. వాల్‌హైమ్ ఆడుతుంటే గొడ్డలి ఎత్తినప్పుడల్లా ఆగి ఆగి కదులుతోంది. 70 వేలు పెట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనెయ్యమంటారా? – బీటెక్ విద్యార్థి, ఖమ్మం

ఆగండి, ఇప్పుడే కొనకండి. టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి చూడండి. కింద స్లాట్ల దగ్గర రెండింటిలో ఒకటే వాడుతున్నట్టు కనిపిస్తే చాలా డబ్బు మిగిలినట్టే. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో బొమ్మ గీసే పని ప్రాసెసర్‌లోనే ఉన్న చిన్న చిప్‌ది. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే అప్పు తీసుకుంటుంది. ర్యామ్ స్టిక్ ఒక్కటే ఉంటే దారీ ఒక్కటే, ఆ ఇరుకు సందులోనే ప్రాసెసరూ గ్రాఫిక్సూ తోసుకుంటూ ఉంటాయి. అదే రకం ఇంకో 8 జీబీ స్టిక్ వేశారంటే రెండో దారి తెరుచుకుంటుంది, ఆటలో తేడా మీకే తెలుస్తుంది. కొనేముందు మీ ల్యాప్‌టాప్‌కి డీడీఆర్4 రకం ర్యామ్ కావాలో డీడీఆర్5 రకం కావాలో చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దూరదు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, అలాంటిదైతే ఈ మాట మర్చిపోండి.

వాల్‌హైమ్ విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. ఐదుగురు కలిసి చేసిన స్వీడన్ గేమ్, 2021 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు డౌన్‌లోడ్ ఒక జీబీ దగ్గరే ఉండేది, మనుషులూ రాళ్లూ చూస్తే ఇరవై ఏళ్ల కిందటి బొమ్మల్లా ఉంటాయి, దాంతో ఎంత పాత కంప్యూటర్‌లోనైనా పరిగెడుతుందనుకుంటారు. కానీ ఎండ, పొగమంచు, సముద్రం, నీడలు అన్నీ ఈ కాలం పద్ధతిలోనే గీస్తుంది. పైగా మీరు నేల తవ్వినా, కోట కట్టినా ప్రతి దుంగనీ గుర్తుపెట్టుకోవాలి. కోట పెద్దదయ్యేకొద్దీ గేమ్ నత్తనడక నడిచేది అందుకే. నీడలు తగ్గించి, రిజల్యూషన్ 720కి దించి చూడండి. ఇంకో మాట, గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఏ గేమ్ కొన్నా మీ కంప్యూటర్ మోయలేకపోతుంటే 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపే అయితే డబ్బు వెనక్కి అడగొచ్చు. క్యారెక్టర్‌కి గడ్డం, జుట్టు దిద్దుకుంటూ గంట గడిపేస్తే అదీ లెక్కలోకే వస్తుంది!

మా బాబుకి పదేళ్లు. డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకుతో మైన్‌క్రాఫ్ట్ ఆడాలట. వీడికి కంప్యూటర్, వాడికి ట్యాబ్. కలవడం లేదు. – గుంటూరు నుంచి ఒక అమ్మ

మైన్‌క్రాఫ్ట్‌లో రెండు రకాలున్నాయండీ, జావా, బెడ్‌రాక్. జావా కంప్యూటర్లలోనే నడుస్తుంది, ట్యాబ్‌లో ఉండేది బెడ్‌రాక్. ఈ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఇప్పుడు కంప్యూటర్‌కి కొంటే రెండూ కలిపే ఇస్తారు కాబట్టి మీ బాబు లాంచర్‌లో బెడ్‌రాక్ ఎంచుకుంటే సరిపోతుంది. ఇద్దరికీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లు కావాలి. పిల్లల అకౌంట్ అయితే ఇతరులతో ఆడటానికి మీరు అనుమతి ఇవ్వాలి, చాలాసార్లు తాళం పడేది అక్కడే. ఆటలో కట్టుకునే ప్రపంచం ఎవరి దగ్గర ఉంటే వాళ్లు తెరిచినప్పుడే రెండోవాళ్లు రాగలరు. ఎండాకాలంలో అక్కడ రాత్రి 9 అయితే ఇక్కడ పొద్దున ఏడున్నర, అంటే స్కూల్ బస్ టైమ్. ఎవరి వీలునిబట్టి వాళ్లు ఆడుకోవాలంటే ప్రపంచాన్ని ఎప్పుడూ ఆన్‌లైన్‌లో తెరిచి ఉంచే రియల్మ్స్ ఉంది, నెలనెలా డబ్బు కట్టాలి. ఇద్దరిలో ఒకరు కడితే చాలు, అది మీ అక్కతో మాట్లాడుకోండి, డాలర్లు వాళ్ల దగ్గరే ఉన్నాయిగా.

ల్యాప్‌టాప్ రిపేర్‌కి ఇస్తే ఫార్మాట్ చేసిచ్చారు. గేమ్ డి డ్రైవ్‌లోనే ఉంది, కానీ రెండేళ్లుగా కట్టుకున్న మైన్‌క్రాఫ్ట్ ఊరు లేదు. – విజయనగరం

చదివి నాకే కడుపు తరుక్కుపోయింది. గేమ్ ఎక్కడ పెట్టినా, మనం ఆడింది దాచుకునే చోటు మామూలుగా సి డ్రైవ్‌లో మీ యూజర్ ఫోల్డర్ లోపలి యాప్‌డేటాలో ఉంటుంది. ఫార్మాట్‌లో పోయింది అదే. హార్డ్ డిస్క్ అయితే వెంటనే వాడటం ఆపేసి, డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికితే కొంత ఆశ ఉంది. ఎస్ఎస్‌డీ అయితే ఆశ పెట్టుకోకండి, చెరిపేసిన చోటుని అది తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. ఇకముందు జావాలో ప్రపంచం పేరు మీద నొక్కి, ఎడిట్‌లోకి వెళ్తే మేక్ బ్యాకప్ అని బటన్ ఉంటుంది. దాంతో వచ్చిన ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. స్టీమ్ గేమ్‌లలో చాలావాటికి క్లౌడ్ సేవ్ ఉంది గానీ అన్నిటికీ లేదు, గేమ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో చూసుకోవాలి.

షాపులో బిల్లింగ్‌కి నాలుగో తరం ఐ5 కంప్యూటర్, విండోస్ 10. మార్చాలా? – తెనాలి

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. హోమ్, ప్రో రకాలకి 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించారు, అప్‌డేట్ పేజీలోనే పేరు నమోదు చేసుకోవచ్చు. మీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. దొడ్డిదారిన ఎక్కించే చిట్కాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి, డబ్బు లెక్కలు రాసే మెషిన్ మీద మాత్రం వద్దు. ఈలోపు కొత్త కంప్యూటర్‌కి డబ్బు కూడబెట్టండి.

సర్వైవల్ గేమ్‌లు కొత్త. ఎక్కడ మొదలుపెట్టాలి? – బెంగళూరులో ఉద్యోగం చేసే కడప పాఠకుడు

ఆకలిని ఎలా చూస్తుందన్నదాన్నిబట్టే నేను గేమ్‌ని కొలుస్తాను. డోంట్ స్టార్వ్‌లో అది అప్పులవాడిలా వెంటపడుతుంది, చేతిలో వెలుగు లేకుండా చీకట్లో నిలబడితే చావే, చచ్చాక తిరిగి లేచే ఏర్పాటు ముందే చేసుకోకపోతే అంతా మొదటికొస్తుంది. పాత కంప్యూటర్‌లోనూ ఆడుతుంది గానీ మొదటి గేమ్‌గా చెప్పను. వాల్‌హైమ్‌లో తినకపోయినా చావరు, మంచి తిండి తింటే ఒంట్లో బలం పెరుగుతుంది. మన ఇళ్లలో అమ్మలు చెప్పేదీ అదే కదా. ఒంటరిగా, నెమ్మదిగా ఆడాలంటే ద లాంగ్ డార్క్. జాంబీలు ఉండవు, కెనడా మంచు, తోడేళ్లు, చలి, మిగిలిన అగ్గిపుల్లలు, అంతే. మే నెలలో కడపలో కూర్చుని ఆడితే ఆ మజా వేరు. ఇతర ఆటగాళ్లతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడే రస్ట్ వైపు మాత్రం ఇప్పుడే వెళ్లకండి, రాత్రి మీరు పడుకున్నాక పక్కవాడొచ్చి ఇల్లు కూల్చి సామాను ఎత్తుకుపోతాడు, ఆఫీసులో ఉన్న టెన్షన్ చాలదా?

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, అయినా కరెంటు పోతే డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతోంది. – కరీంనగర్

ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి పట్టే ఆ కాస్త టైమ్ ఫ్యాన్‌కి తెలియదు, కంప్యూటర్‌కి తెలుస్తుంది. అయితే యూపీఎస్ మోడ్‌లో వోల్టేజ్ కొద్దిగా అటూఇటూ అయినా బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది, మీ వీధిలో వోల్టేజ్ ఊగుతూ ఉంటే బ్యాటరీ తొందరగా అరుగుతుంది. అప్పుడు కంప్యూటర్‌కి విడిగా చిన్న యూపీఎస్ మేలు. నేను ఈ స్విచ్ సంగతి తెలుసుకున్నది ఓ రాత్రి వాల్‌హైమ్‌లో ఇరవై నిమిషాలు పడవ నడిపి, కొత్త తీరం కనబడిన క్షణంలో కరెంటు పోయాక. కరెంటు వచ్చి మళ్లీ తెరిచి చూస్తే పడవ బయల్దేరిన రేవులోనే కట్టేసి ఉంది.