అమెరికా అబ్బాయితో పెళ్లి, వీసా కాగితాలు: పెద్దమ్మ ఉత్తరం

చి.ల.సౌ. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

సంబంధం ఖాయమైందనీ, అబ్బాయి అమెరికాలోనే పుట్టి పెరిగినవాడనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ముహూర్తం పెట్టించే ముందే కాగితాల సంగతి రాస్తున్నాను. ఈ వ్యవహారంలో దెబ్బతినేవాళ్లలో ఎక్కువమంది దొంగ పెళ్లిళ్లవాళ్లు కారు. నిజంగా పెళ్లాడి కూడా వెనక చేయాల్సింది ముందు, ముందు చేయాల్సింది వెనక చేసినవాళ్లు. తీరిగ్గా కూర్చుని చదువు. అతనికీ చదివి చెప్పు.

మొట్టమొదట అతని పాస్‌పోర్టు చూసి పౌరుడేనని రూఢి చేసుకో. పౌరుడి భార్యకు వీసాల కోటా అడ్డం లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్య అయితే ఎఫ్2ఏ అనే కోటాలో, అమెరికా ప్రభుత్వం నెలనెలా వేసే వీసా బులెటిన్‌లో తన తేదీ వచ్చేదాకా ఆగాలి. కింద రాసేదంతా అతను పౌరుడన్న లెక్కతోనే.

దారులు రెండు. ఒకటి కే-1, కాబోయే భార్యకిచ్చే వీసా. అతను ఐ-129ఎఫ్ అనే దరఖాస్తు వేస్తాడు, నువ్వు ఆ వీసాతో వెళ్లి 90 రోజుల్లో అతన్నే పెళ్లి చేసుకోవాలి. దరఖాస్తుకు ముందు 2 సంవత్సరాల్లోపు మీరిద్దరూ ఒక్కసారైనా ఎదురెదురుగా కలిసి ఉండాలి, వీడియో కాల్స్ లెక్కలోకి రావు. రెండోది పెళ్లి చేసుకుని భార్యగా వెళ్లడం. అతను ఐ-130 అనే దరఖాస్తు వేస్తాడు, నువ్వు అమెరికాలో దిగిన రోజే గ్రీన్‌కార్డు హోదా వస్తుంది.

నన్నడిగితే రెండోదే. 2024 ఏప్రిల్ నాటి ఫీజులు చూడు. కే-1 దారిలో ఐ-129ఎఫ్‌కు 675 డాలర్లు, వీసాకు 265, అక్కడికెళ్లాక గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485కు 1,440. మొత్తం 2,380. పెళ్లి దారిలో ఐ-130 ఆన్‌లైన్‌లో వేస్తే 625, వీసా ఫీజు 325, ఆర్థిక హామీ పత్రాల పరిశీలనకు 120, చివరన ఇమిగ్రెంట్ ఫీజు 235. మొత్తం 1,305. కట్టే రోజున మళ్లీ సరిచూసుకోండి, మారుతుంటాయి. డబ్బు ఒక ఎత్తు. కే-1 మీద వెళ్లాక ఉద్యోగానికి పర్మిట్ వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. ప్రయాణ అనుమతి రాకముందు దేశం దాటితే ఐ-485 వదులుకున్నట్టే. చదువుకుని ఉద్యోగం చేస్తున్న పిల్లవి, ఆ నెలలు నీకు చాలా భారమవుతాయి.

కే-1 దారిలో మనవాళ్లకు ఇంకో చిక్కుంది. వీసా ఇచ్చేనాటికి మీకు పెళ్లయి ఉండకూడదు. పెద్దవాళ్ల తృప్తి కోసం గుళ్లో తాళి కట్టించి, రిజిస్ట్రేషన్ చేయలేదు కదా అనుకుంటే, ఆఫీసరు ఆ ఫొటోలు చూసి మీరు భార్యాభర్తలని తేల్చి వీసా ఆపేస్తాడు. దండలు మార్చుకుని, పట్టుచీరతో, వందమంది మధ్య జరిగిన నిశ్చితార్థం ఫొటోలకు కూడా అదే అనుమానం వస్తుంది. అటు కాబోయే భార్యా కాక, ఇటు రిజిస్టరైన భార్యా కాక మళ్లీ మొదటికొస్తారు.

మూడో దారి అంటూ ఎవరో ఒకరు చెబుతారు: “టూరిస్ట్ వీసా ఉందిగా, దాని మీద వెళ్లి పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపో” అని. ఆ మాట వినకు. ఉండిపోవాలనే ఉద్దేశంతో వెళ్తూ ఎయిర్‌పోర్టులో “చూసి వస్తాను” అంటే అది అబద్ధం చెప్పి ప్రవేశించడం. రుజువైతే జీవితాంతం ప్రవేశ నిషేధం. మినహాయింపు కోరే ఐ-601 ఉంది గానీ అది వస్తుందన్న భరోసా లేదు. టూరిస్ట్ వీసా ఫారం డీఎస్-160లో అమెరికాలో దగ్గరివాళ్లెవరున్నారో అడిగేచోట కాబోయే భర్త పేరూ రాయాలి. “లేరు” అని రాసిన పాత ఫారం వాళ్ల దగ్గర భద్రంగా ఉంటుంది. ఊరికే చూసి రావడానికి వెళ్లడంలో తప్పు లేదు, వెళ్తే తిరిగి రావాలి, అంతే.

ఇక పెళ్లి. అమెరికా వాళ్లు చూసేది జరిగినచోట ఆ పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా అని. మన దగ్గర చేసుకుంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకోండి. మీ ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహాధికారికి నోటీసివ్వాలి. ఆ షరతు నీ అడ్రసుతో తీరుతుంది. నోటీసు బోర్డుమీద పెట్టిన 30 రోజుల తర్వాత, ఎవరూ చెల్లే అభ్యంతరం చెప్పకపోతే, ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి. నోటీసిచ్చిన 3 నెలల్లో చేసుకోకపోతే మళ్లీ కొత్త నోటీసు. నోటీసు రోజున ఇద్దరూ రావాలంటారా అని ఆఫీసులో ముందే అడుగు. రావాలంటే అతను రెండుసార్లు రావాలి, లేదా నెలపైన ఉండాలి. పదిహేను రోజుల సెలవుకు టికెట్ కొనేసి ఆనక ఏడ్చి లాభం లేదు.

అతనికి ఇంతకుముందు పెళ్లి కాలేదన్న పత్రం కూడా అడుగుతారు. అమెరికా ప్రభుత్వం అలాంటి సర్టిఫికెట్ ఇవ్వదు. అతను ప్రమాణపత్రం రాసుకుని కాన్సులేట్‌లో నోటరీ చేయించుకుంటాడు, ఒక్కో సీలుకు 50 డాలర్లు. పాత పెళ్లి ఉండి ఉంటే విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ తప్పనిసరి. ఇద్దరూ చెరోచోట ఉండి వీడియోలో చేసుకునే పెళ్లి, ఆ తర్వాత కాపురం చేస్తే తప్ప వీసాకు పనికిరాదు.

ఇప్పుడు అసలు కష్టం, పేర్లు. నీ పాస్‌పోర్టు తీసి మొదటి పేజీ చూడు. ‘సర్‌నేమ్’ అని ఉన్నచోట ఖాళీగా ఉండి, ఇంటిపేరూ నీ పేరూ కలిపి ‘గివెన్ నేమ్’లో ఉన్నాయా? అలా ఉంటే అమెరికా వీసాలో మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి పోయి, నీ పేరుండాల్సినచోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. గ్రీన్‌కార్డు, సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, అన్నీ అదే పేరుతో వచ్చే ప్రమాదముంది. ఐ-130 వేయకముందే పాస్‌పోర్టు రీఇష్యూకు పెట్టి పేరు విడగొట్టించుకో. టెన్త్ మెమోలో ఇనీషియల్, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగు ఉంటే అన్నీ ఒక్కరివేనని అఫిడవిట్ చేయించు. పెళ్లి తర్వాత అతని ఇంటిపేరు పెట్టుకోవాలనుంటే కేసు మొదలుకాక ముందు మార్చుకో, లేదా పూర్తయ్యేదాకా ఆగు. మధ్యలో మార్చకు.

జనన ధ్రువపత్రం కూడా ఇప్పుడే తియ్యి. టెన్త్ మెమో చాలదు, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చినది కావాలి. పాత రిజిస్టర్లలో బిడ్డ పేరు లేకుండా ‘ఆడ’ అని మాత్రమే ఉండటం మామూలే. పేరు చేర్పించుకుని కొత్త కాపీ తీసుకో, అమ్మానాన్నల పేర్లు పాస్‌పోర్టుతో కలుస్తున్నాయో చూడు. అసలు నమోదే లేకపోతే నమోదు లేదన్న పత్రం తెచ్చి, దానికి అమ్మానాన్నల అఫిడవిట్లూ, స్కూలు సర్టిఫికెట్టూ జతచేయాలి. ఈ ఒక్క కాగితానికే నెలలు పడుతుంది.

ఐ-130తోపాటు నీ వివరాల ఐ-130ఏ, మీ పెళ్లి నిజమని చూపే ఆధారాలు పెట్టాలి. ఇక్కడ మూడొందల పెళ్లి ఫొటోలు పెట్టి ఊరుకుంటారు. అధికారికి కావలసింది కాలక్రమం: ఎప్పుడు పరిచయం, ఎప్పుడు కలిశారు, ఎన్నాళ్లు కలిసున్నారు. వేర్వేరు రోజుల, వేర్వేరు చోట్ల ఫొటోలు ఇరవై చాలు, ఒక్కోదాని కింద తేదీ, ఊరు, పక్కనున్నవాళ్లెవరో రాయండి. విమాన టికెట్లు, పాస్‌పోర్టు స్టాంపులు, ఒకరికొకరు పంపిన డబ్బు రసీదులు, అతని ఇన్సూరెన్స్‌లో నామినీగా నీ పేరు, ఇవి బలమైనవి. చాట్‌లు నెలకో పేజీ చాలు.

ఆమోదం నెలల మాట, చాలాసార్లు ఏడాది దాటుతుంది. తర్వాత కేసు ఇంటర్వ్యూకు ముందు కాగితాలు సేకరించే నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. అక్కడ నువ్వు డీఎస్-260 అనే వీసా దరఖాస్తు నింపుతావు. గత 5 సంవత్సరాల్లో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి, మూసేసినవి కూడా. పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీసు క్లియరెన్సు తీసుకో. 16 ఏళ్లు నిండాక ఇంకే దేశంలోనైనా ఏడాది ఉండి ఉంటే అక్కడిదీ కావాలి. వాళ్ల ఉత్తరాలకు ఏడాదిపాటు స్పందన లేకపోతే కేసు మూసేసే అధికారం వాళ్లకుంది.

కేసులు ఎక్కువగా ఆగేది ఆర్థిక హామీ, ఐ-864 దగ్గర. అతని ఆదాయం అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణానికి కనీసం 125 శాతం ఉండాలి. 2025 లెక్కలో ఇద్దరి కుటుంబానికి 26,437 డాలర్లు. అతనికి పిల్లలో, పన్నుల్లో చూపిన ఆధారితులో ఉంటే తలలు పెరుగుతాయి, అంకె పెరుగుతుంది. ఆ తలల లెక్కలోనే తప్పు చేస్తారు. ఆదాయం తగ్గితే ఆస్తి చూపొచ్చు, పౌరుడి భార్య విషయంలో లోటుకు 3 రెట్లు: 6,000 తగ్గితే 18,000. అదీ లేకపోతే పౌరుడో గ్రీన్‌కార్డు వాళ్లో ఒకరు జాయింట్ స్పాన్సర్‌గా, అంటే అతనితోపాటు హామీ ఇచ్చేవాళ్లుగా రావాలి. అప్పుడు కూడా అతని ఐ-864 ఉండాల్సిందే.

మెడికల్ పరీక్ష కాన్సులేట్ చెప్పిన డాక్టర్ల దగ్గరే. చిన్నప్పటి టీకాల కార్డు వెతికి పెట్టు. ఎక్స్‌రేలో టీబీ అనుమానమొస్తే కళ్లెలో క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ ఫలితానికి 8 వారాలు పడుతుంది. అందుకని వీసా చేతికి రాకముందు ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు, టికెట్ కొనకు. ఇంటర్వ్యూలో ఇద్దరూ ఒకే సంగతి చెప్పాలి, బట్టీపట్టి మాత్రం వద్దు. గుర్తులేనిది గుర్తులేదని చెప్పు. 221(జీ) అనే కాగితం చేతిలో పెడితే కంగారుపడకు, చాలాసార్లు అది అడిగిన పత్రం తెచ్చివ్వమనే.

దిగేనాటికి పెళ్లయి 2 సంవత్సరాలు నిండకపోతే గ్రీన్‌కార్డు 2 సంవత్సరాలదే. అది ముగిసే ముందు 90 రోజుల్లో హోదా కొనసాగించమని ఇద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు వేయాలి, మరిస్తే హోదానే పోతుంది. రెండో పెళ్లిరోజు వారాల దూరంలో ఉంటే, వీసా గడువు ఉన్నంతలో, అది దాటాకే దిగు. పదేళ్ల కార్డొస్తుంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను, శుభమా అంటూ ఇదేమిటనుకోకు. నీ పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు నీ దగ్గరే ఉండాలి, వాటి స్కాన్లు మీ అమ్మకు పంపు. రేపు ఏదైనా తేడా వచ్చి విడాకులైతే, లేదా అతను హింసిస్తే, ఐ-751 నువ్వొక్కదానివే వేసుకునే వీలుంది. గ్రీన్‌కార్డు ఇంకా రాని భార్యను కొట్టినా హింసించినా ఐ-360తో తన దరఖాస్తు తనే పెట్టుకోవచ్చు, అతనికి కబురు కూడా వెళ్లదు. “నా మాట వినకపోతే వెనక్కి పంపించేస్తా” అని ఎవరన్నా బెదిరిస్తే, నీ హోదా వాళ్ల చేతిలో లేదని గుర్తుంచుకో. ఐ-864 మీద అతను పెట్టిన సంతకం విడాకులతో కూడా చెరగదు.

ముందు పాస్‌పోర్టు మొదటి పేజీ, జనన పత్రం ఫొటో తీసి ఈ వారంలో నాకు పంపు. ఐ-130 నింపాక సబ్మిట్ కొట్టేముందు ఆ పీడీఎఫ్ కూడా పంపు, అక్షరం అక్షరం చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ