నాణెం అసలుదే, చెప్పిన వయసే అబద్ధం

ప్రశ్న: 1907 నాటి అమెరికా నాణెం అంటే నమ్మి విశాఖలో ఒక బంగారు షాపులో రూ.8 లక్షలకు కొన్నాను. మా అబ్బాయి చూసి ఇది 2009లో వేసిందన్నాడు. షాపువాళ్లేమో 'బంగారం అసలుదే కదా, కావాలంటే కరిగించి ఈరోజు రేటు ఇస్తాం' అంటున్నారు. బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉంది. నాకు దారి ఉందా?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: ఉంది, టెన్షన్ పడకండి. కానీ ఆ నాణేన్ని మాత్రం కరిగించనివ్వకండి. కరిగితే మీ సాక్ష్యం పోతుంది. పైగా ఈ 2009 నాణేనికీ సేకరించేవాళ్లు బంగారం ధరకు మించి ఇస్తారు. దాని పెట్టె, కాగితాలు కూడా జాగ్రత్త.

సెయింట్ గాడెన్స్ అనే శిల్పి రూపకల్పనతో 1907లో 20 డాలర్ల నాణెం వచ్చింది. అదే బొమ్మతో అమెరికా టంకశాల 2009లో మళ్లీ వేసింది. పాతది 34 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు 33.4 గ్రాములు. కొత్తది 27 మిల్లీమీటర్లే, 4 మిల్లీమీటర్ల మందం, 24 క్యారెట్లు, 31.1 గ్రాములు. తేదీ రోమన్ అంకెల్లో 'ఎంఎంఐఎక్స్' అని ఉంటే అది 2009. కురుపాం మార్కెట్‌లో వేరే షాపులో తూయించి, బరువు చీటీ తీసుకోండి.

కాబట్టి ఇది దొంగ నాణెం కేసు కాదు. లేని వయసు చెప్పి ఎక్కువ ధర తీసుకున్న కేసు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద అచ్చు వేసిన ఆ వాక్యం అబద్ధానికి రక్ష కాదు.

అవతలి లాయరు 'తేదీ నాణెం మీదే ఉంది, చూసుకోవాల్సింది' అంటాడు. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో అలాంటి మినహాయింపు నిజంగానే ఉంది. అయితే తెలిసి తెలిసి నోటితోనో రాతతోనో అబద్ధం చెప్పినవాడికి అది వర్తించదు. అందుకే '1907' అని వాళ్లు ఎక్కడైనా రాశారా అన్నదే మీ కేసుకు ప్రాణం. వాట్సాప్ మెసేజ్ ఉంటే చెరపకండి, ఫోన్ మార్చకండి. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ మెసేజ్ ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే పత్రం, జత చేయాలి. రాత ఏదీ లేకపోతే, కొన్నప్పుడు మీ పక్కనున్నవాళ్ల అఫిడవిట్ పనికొస్తుంది.

ముందు లాయరు నోటీసు పంపండి: నాణెం వెనక్కి ఇస్తాను, కట్టిన డబ్బు వడ్డీతో ఇవ్వండి అని. స్పందించకపోతే విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు కట్టిన మొత్తానికి ఫీజు రూ.200 మాత్రమే. గడువు 2 సంవత్సరాలు. కొన్న తేదీ నుంచే లెక్క వేసుకుంటే మంచిది. ఒక్క విషయం నిజాయితీగా చూసుకోండి: నాణేలు కొని అమ్మడం మీ వ్యాపారమైతే కమిషన్ మిమ్మల్ని వినియోగదారుగా ఒప్పుకోదు, అప్పుడు సివిల్ కోర్టుకే వెళ్లాలి.