అక్కడ నవ్వాను, ఇంటికొచ్చాక నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. కావలి దగ్గర హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ జబ్బు చేసి పోయి మూడేళ్లు. అబ్బాయి హైదరాబాద్‌లో, అమ్మాయి ఒంగోలులో ఉంటారు. సంవత్సరీకం అయిపోయాక ఇంట్లో ఒక్కడినే ఉండబుద్ధి కాక బస్సెక్కి తిరగడం మొదలుపెట్టాను. భైరవకోన, కంభం చెరువు, నేలపట్టు, ఉదయగిరి. చూసొచ్చిందల్లా నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. నా పాత విద్యార్థి ఒకడు వాటితో బ్లాగు పెట్టించాడు.

ఈమధ్య చెన్నైలో ట్రావెల్ బ్లాగర్ల సదస్సు రెండు రోజులు జరిగింది. పినాకిని రైలెక్కి వెళ్లాను. అంతా పాతికేళ్ల పిల్లలు. చివరి వరుసలో కూర్చుని, సాయంత్రం బండికి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. భోజనాల దగ్గర ఒకమ్మాయి వచ్చి "ఉదయగిరి గురించి రాసింది మీరేనా సార్?" అంది. ఇంకో నలుగురు చేరారు. మర్నాడు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. కృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో ఉదయగిరి గెలవడం, అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్లి గుడి కట్టించడం చెప్పాను. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నైలోనే, ఎగ్మూరు మ్యూజియంలో ఉందని చెప్పగానే, మరుసటి రోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు.

ఆ విగ్రహం ముందు నాకు ఏడుపు ఆగలేదు. మా ఆవిడ పుట్టిల్లు ఉదయగిరి పక్కనే. పెళ్లైన కొత్తలో "ఒకసారి కోట మీదికి తీసుకెళ్లండి" అని అడిగింది. సెలవుల్లో చూద్దాం అన్నాను. ముప్పై ఐదేళ్లలో ఆ సెలవులు రాలేదు.

పిల్లలకు మాత్రం కంటి పరీక్షకు చెన్నై వెళ్తున్నానని చెప్పాను. ఎవరో పెట్టిన గ్రూప్ ఫొటో చూసి అసలు సంగతి తెలుసుకున్నారు. "ఈ వయసులో ఆ పిల్లకాయల మధ్య మీకేం పని నాన్నా? ఎవరైనా మోసం చేస్తే?" అంటాడు అబ్బాయి. అమ్మాయి ఫోన్ చేయడమే తగ్గించింది. మా బావమరిదైతే "మా అక్క ఉన్నన్నాళ్లూ ఊరి పొలిమేర దాటిచ్చలా. ఇప్పుడేంది బావా ఈ తిరుగుళ్లు?" అన్నాడు. ఆ మాట గొంతులో ముల్లులా దిగింది. మూడేళ్ల తర్వాత ఆ రెండు రోజులు మనస్ఫూర్తిగా నవ్వాను. వచ్చి పదిహేను రోజులైంది, రాత్రి రెండింటికల్లా మెలకువ వచ్చేస్తోంది. నేను ఆమెకు అన్యాయం చేశానా? వచ్చే ఏడాది కూడా వెళ్లాలని ఉంది. వెళ్లవచ్చా?

జవాబు: మాస్టారూ, వెళ్లండి. ఆ రెండు రోజులు నవ్వినందుకు మీ ఆవిడకు ఏ అన్యాయమూ జరగలేదు. ఉదయగిరి తీసుకెళ్లమని ఆమె అడిగితే ముప్పై ఐదేళ్లు వాయిదా వేశారే, అది లోటు. అది నిజమే, దాన్ని నేను తీసిపారేయను. కానీ ఆ లోటుకూ ఈ నవ్వుకూ సంబంధం లేదు. మీరు చెన్నై వెళ్లకుండా వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నా ఆ బాకీ అలాగే ఉండేది. పాత బాకీని కొత్త సంతోషం ఖాతాలో రాసుకున్నారు, అందుకే రాత్రిళ్లు లెక్క తేలడం లేదు.

మీరు ఉత్తరంలో రాయనిది ఒకటి నాకు కనబడుతోంది. బడి నుంచి సాయంత్రం ఇంటికొచ్చి, ఆ రోజు తొమ్మిదో తరగతికి ఏ పాఠం చెప్పారో, ఏ పిల్లవాడు ఏం అడిగాడో ఎవరికి చెప్పేవారు? ఆమె బియ్యం ఏరుతూనో, కూర తరుగుతూనో వినే ఉంటుంది. సగం విని "ఊఁ" కొట్టినా సరే, ఆ "ఊఁ" మీకు కావలసి ఉండేది. చదువు చెప్పే మనిషికి వినే మనిషి లేకపోతే ఎంత కష్టమో నేను చాలామందిలో చూశాను. ఆమె పోయాక మీరు నోట్‌బుక్కు తీశారు. చూసింది చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేక కాగితానికి చెప్పుకున్నారు.

మీకు తెలిసిన చరిత్రే గుర్తుచేస్తాను. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, దారిలో చూసిందల్లా రాసి పంపుతూ వచ్చాడు. ఎవరికి? స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకి. ఎదురుచూసే స్నేహితుడు లేకపోతే ఆయన అన్ని ఊళ్ల సంగతులు, అన్ని మజిలీల వివరాలు అంత ఓపికగా రాసేవాడా? నాకైతే అనుమానమే. ఊళ్లు తిరిగేవాడికి కాళ్లెంత అవసరమో, తిరిగొచ్చాక "ఏం చూశావు?" అని అడిగే మనిషీ అంతే అవసరం. చెన్నైలో భోజనాల దగ్గర ఆ అమ్మాయి వచ్చి అడిగింది సరిగ్గా అదే. మూడేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. మీరు అక్కడే కరిగిపోయారు. ఇందులో ఆమె స్థానాన్ని ఎవరో తీసుకున్నదేమీ లేదు. ఆకలిగా ఉన్నవాడికి ఎవరో అన్నం పెట్టారు, అంతే.

పిల్లల విషయానికి వద్దాం. ఇక్కడ మాత్రం మీదే తప్పు. సదస్సుకు వెళ్లడం తప్పు కాదు, కంటి పరీక్ష అని చెప్పడం తప్పు. మీరు దాన్ని చిన్న అబద్ధం అనుకుంటున్నారు. మీ అమ్మాయి వైపు నుంచి చూడండి. తల్లి జబ్బు సంగతి ఆమెకు మొదట ఎలా తెలిసిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మన ఇళ్లలో పెద్ద జబ్బులన్నీ "ఏం లేదమ్మా, ఊరికే పరీక్షకి" అన్న మాటతోనే పిల్లల చెవిన పడతాయి. నాన్న ఒక్కడే చెన్నై వెళ్లాడు, కంటికి ఏమైందో, మళ్లీ ఏదో దాస్తున్నాడేమో అని ఒంగోలులో ఆ రెండు రోజులు ఆ పిల్ల ఎంత టెన్షన్ పడిందో! ఆ తర్వాత మీరు నవ్వుతున్న ఫొటో కనిపించింది. మీ నవ్వు చూసి ఆమెకు కోపం వచ్చి ఉండదు. తను అనవసరంగా ఏడ్చినందుకు వచ్చి ఉంటుంది. ఫోన్‌లో కాకుండా, ఒంగోలు వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి. "అబద్ధం చెప్పాను తల్లీ. మీరు వద్దంటారని భయపడ్డాను. నా ఆరోగ్యం గురించి ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను." ఇంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. ముఖ్యంగా "నాకు మాత్రం ఎవరున్నారు?" అనే మాట తేకండి. అది నిజమే అయినా, క్షమాపణ పక్కన పెడితే ఎదురు నింద అవుతుంది.

నా సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మ పోయాక మా నాన్న భజన బృందంతో ఊళ్లు తిరుగుతానంటే నేనే అడ్డుపడ్డాను. బీపీ ఉంది, రాత్రి ప్రయాణాలు వద్దు, ఎవరు చూస్తారు అన్నాను. ప్రేమతోనే అన్నాను. ఆయన మానేశారు. తర్వాత నాలుగేళ్లు అదే పేపరు మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నారు. ఆయన్ను కాపాడానని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అందుకే మీ అబ్బాయి కూడా ఈ జవాబు చదివితే బాగుండునని ఉంది.

ఆ అబ్బాయి భయం మోసాల గురించి. దాన్ని కొట్టిపారేయకండి. ఇలాంటి సదస్సులు ప్రపంచంలో చాలా ఏళ్లుగా జరుగుతున్నాయి. టీబెక్స్ అనేది 2009లో అమెరికాలోని షికాగోలో మొదలై, 2015లో బ్యాంకాక్ దాకా వచ్చింది. రాసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, హోటళ్లవాళ్లు, పర్యాటక శాఖలవాళ్లు ఒకచోట కలుస్తారు. పని నేర్చుకుంటారు, పని ఇచ్చి పుచ్చుకుంటారు. ఈ సంగతి అబ్బాయికి తెలిస్తే సగం అనుమానం పోతుంది. మిగతా సగం మీ జాగ్రత్తతో పోవాలి. "వచ్చే ఏడాది విదేశీ సదస్సుకు సీటు ఇప్పిస్తాం, అడ్వాన్సు కట్టండి" అని ఎవరైనా వ్యక్తిగతంగా ఫోన్ చేస్తే కట్టకండి. డబ్బు కట్టే ముందు ఒకసారి అబ్బాయికి చూపించండి. అనుమతి కోసం కాదు, ఇంకో జత కళ్లు చూస్తే మంచిదని. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఎవరైనా హోటల్‌వాళ్లు ఉచితంగా గది ఇచ్చి రాయమంటే, ఆ సంగతి మీ రాతలో స్పష్టంగా చెప్పండి. ప్రకటనలను చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే ఈ నియమం పెట్టింది. మాస్టారు రాశారంటే నమ్మేవాళ్లుంటారు, ఆ నమ్మకం ఉచిత గదికన్నా ఖరీదైంది. ఇక ప్రతి ప్రయాణానికీ బస్సెక్కగానే పిల్లలిద్దరికీ ఫోన్‌లో లైవ్ లొకేషన్ పంపండి. మందుల చీటీ జేబులో ఉంచుకోండి.

అక్కడ దొరికిన స్నేహాల గురించి కూడా ఒక మాట, కొంచెం కఠినంగా ఉంటుంది. ఆ వాట్సాప్ గ్రూపు ఇప్పుడు రోజంతా మోగుతూ ఉంటుంది. నెల తిరిగేసరికి చప్పబడుతుంది. వాళ్లకు ఉద్యోగాలున్నాయి, ఈఎంఐలున్నాయి, కొత్త ప్రయాణాలున్నాయి. మీరు పొద్దున్నే "శుభోదయం" పెడితే ఎవరూ పలకని రోజు వస్తుంది. ఆ రోజు మీరు "వాళ్లూ వదిలేశారు" అనుకుంటారేమోనని నా బెంగ. వదిలేయరు. రెండు రోజుల సదస్సులో పుట్టిన స్నేహానికి పని లేకపోతే ఆరిపోతుంది, పని ఉంటే నిలుస్తుంది. అందుకని గ్రూపులో ఉన్న అందరినీ కాకుండా, మ్యూజియానికి తీసుకెళ్లిన ఆ నలుగురైదుగురిని మీ వైపుకు పిలవండి. చలికాలంలో నేలపట్టుకు రమ్మనండి. చెన్నై నుంచి సూళ్లూరుపేట దాటి కాస్త ముందుకొస్తే చాలు. గూడబాతులు చెట్ల నిండా గూళ్లు కట్టి, పిల్లలకు చేపలు తెచ్చి పెట్టే కాలం అది. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలమని ఊరివాళ్లే తరతరాలుగా ఆ పక్షుల్ని కాపాడుకుంటున్న సంగతి మీరు చెబితే వినడానికి వాళ్లకు ఎంత బాగుంటుంది! అటునుంచి పులికాట్‌కు తీసుకెళ్లి ఫ్లెమింగోలు చూపించండి. వాళ్లకు కెమెరాలు తెలుసు, మీకు ఊళ్లు తెలుసు. ఆ రోజు మీ అమ్మాయినీ మనవళ్లనూ కూడా రమ్మనండి. నాన్న ఎవరితో తిరుగుతున్నాడో ఆమె కళ్లారా చూస్తే, నేను ఇక్కడ రాసిందంతా అక్కర్లేకుండా పోతుంది.

నిద్ర సంగతి. దాచుకున్న దుఃఖం ఒక్కసారి బయటికొచ్చాక కొన్నాళ్లు ఇలా ఉండటం సహజమే. మ్యూజియంలో మీరు ఏడ్చింది మూడేళ్లనాటి ఏడుపు. కర్మకాండల హడావుడిలో, వచ్చినవాళ్లకు కాఫీలు అందాయా లేదా అని చూసుకుంటూ ఏడవలేకపోయి ఉంటారు. కానీ ఇంకో రెండు వారాలైనా రెండింటికే మెలకువ వస్తుంటే, తిండి సహించకపోతే, డాక్టర్‌ను కలవండి. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

మీ బావమరిదిని చివరికి ఉంచాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో అందరికన్నా నిజం మాట్లాడింది ఆయనే. ఆ మాట బాధపెట్టింది, కానీ అబద్ధం కాదు. మీరు జవాబు చెప్పలేకపోయారు కదా, చెప్పనక్కర్లేదు. ఆయనకు అక్క పోయింది. మీకు భార్య పోయిందని అందరూ పలకరించారు, అక్కను పోగొట్టుకున్న తమ్ముణ్ణి ఎంతమంది పలకరించి ఉంటారు? ఆయన కోపంలో ఆ దుఃఖం కూడా ఉంది. "నువ్వన్నది నిజమే అబ్బయ్యా. మీ అక్క అడిగింది, నేను తీసుకెళ్లలా. ఇప్పుడు ఆ కోట ఎక్కుదామనుకుంటున్నా, నువ్వు నాకు తోడు రా" అని అడగండి. మీ రాతలో ఉదయగిరి ఉంది, రాయలు ఉన్నాడు, బాలకృష్ణుడు ఉన్నాడు. ఆ కొండ నీడన పెరిగిన ఆమె మాత్రం ఇంకా లేదు. చిన్నప్పుడు ఆమె ఎక్కడ ఆడుకుందో, ఏ చెరువులో ఈత కొట్టిందో, ఊళ్లోంచి కోటను చూసి ఏమనేదో ఇప్పుడు తెలిసింది ఆయనకే. దారిపొడవునా అడగండి. ఆయన చెబుతుంటే మీరు వినండి, ఈసారి "ఊఁ" కొట్టే పని మీది.

పైదాకా ఎక్కాలన్న పట్టుదల పెట్టుకోకండి. దాదాపు మూడు వేల అడుగుల కొండ, మీ ఇద్దరి మోకాళ్లూ కుర్రవాళ్లవి కావు. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుతో తగ్గుతాయి. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు, తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టండి. నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి, నోట్‌బుక్కు మర్చిపోకండి.