ఊళ్లో పనులకు పవర్ ఎవరికివ్వాలి, ఎంతవరకివ్వాలి?

అమెరికా వచ్చిన కొత్తలో నెల్లూరు, ఒంగోలు పిల్లలు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, నాయన పేరుతో ఒక జీపీఏ పంపిస్తే ఊళ్లో అన్ని పనులూ అయిపోతాయంట కదా?" జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మన తరఫున అన్ని పనులకూ సంతకం పెట్టే అధికారం ఇంకొకరికిచ్చే కాగితం. అన్నీ అయిపోతాయి. అందుకే వద్దంటాను.

దస్తావేజు లేఖరి దగ్గర తయారుగా ఉండే నమూనా ఒకసారి చదివి చూడండి. "అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు, అడ్వాన్సు పుచ్చుకొనుటకు, దావాలు వేయుటకు..." అంటూ సాగిపోతుంది. మీకు కావలసిందల్లా మాగుంట లేఔట్లో ఫ్లాటు అద్దెకివ్వడమో, ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటల లీజు మీద సంతకమో. దానికి అమ్మకం అధికారం ఎందుకు? ఆ ఒక్క పనికే స్పెషల్ పవర్ రాయించండి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, లీజు గడువు, డబ్బు ఏ అకౌంట్లో పడాలో అన్నీ అందులో ఉండాలి. ఇది నాయన మీద అనుమానం కాదు. సంతకం పెట్టమని ఆయన చుట్టూ తిరిగే చుట్టాలు ఏ ఇంట్లో లేరు? "ఆ అధికారం నాకు రాసివ్వలేదబ్బాయ్" అని ఆయన సుఖంగా తప్పించుకోవచ్చు.

బ్యాంకు సంగతి వేరు. ఎన్నారై అయ్యాక మామూలు సేవింగ్స్ అకౌంటును ఎన్నార్వోగా, అంటే ఇండియాలో వచ్చే డబ్బు కోసం ఎన్నారైలకుండే అకౌంటుగా మార్పించుకోవాలి. కరెంటు బిల్లు, ఫీజుల్లాంటివి మీరే నెట్ బ్యాంకింగ్‌లో కట్టుకోవచ్చు, పవర్ అక్కర్లేదు. ఎన్నార్‌ఈ అకౌంటు (విదేశంలో సంపాదించి పంపిన డబ్బుండేది) మీద పవర్ ఇచ్చినా, ఆ మనిషి ఇండియాలోని చెల్లింపులు చేయగలడు, విదేశంలో ఉన్న మీకు పంపగలడు. మీ తరఫున ఎవరికీ గిఫ్టుగా మాత్రం ఇవ్వలేడు. తమ్ముడి పెళ్లికి కానుక ఇవ్వాలంటే మీరే పంపాలి.

డ్రాఫ్టు రాసుకోగానే సంతకం పెట్టేయకండి. ముందు ఊళ్లో బ్యాంకు మేనేజరుకూ, రిజిస్ట్రారాఫీసులోనూ చూపించమనండి. బ్యాంకులు చాలావరకు తమ సొంత నమూనానే అడుగుతాయి. పేరు దగ్గరే ఎక్కువ చిక్కు: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పట్టాదారు పాసు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది. రెండు పేర్లూ రాసి, మధ్యలో "అలియాస్" పెట్టించండి.

సంతకం ఇండియన్ కాన్సులేట్‌లో పెట్టొచ్చు. లేదా నోటరీ ముందు పెట్టి, అమెరికాలో మీరుండే రాష్ట్ర ప్రభుత్వం నుంచి అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) వేయించొచ్చు. దుబాయ్, కువైట్, ఖతార్‌లో ఉన్నవాళ్లకు ఆ రెండో దారి లేదు, కాన్సులేట్‌కో ఎంబసీకో పోవాల్సిందే. కాగితం ఇండియా చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొరియర్ కవరు పారేయొద్దని ఇంట్లో చెప్పండి, కాగితం ఎప్పుడు చేరిందో చూపించడానికి పనికొస్తుంది. పని అయిపోయాక పవర్ రద్దు చేసి, ఆ మనిషికీ బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇక తల్లిదండ్రులు తమ డబ్బు వ్యవహారాలకు మీకు పవర్ ఇచ్చే సందర్భం. ఇక్కడ ఆఫీసులో "డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ" అనే మాట వింటుంటారు. ఇచ్చినవాళ్లకు మతి తప్పినా అది చెల్లుతుంది. మన దేశంలో అలా కాదు. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, ఇచ్చిన మనిషి మానసికంగా అశక్తుడైనా, చనిపోయినా మామూలుగా పవర్ అక్కడితో ఆగిపోతుంది. నాయన ఐసీయూలో స్పృహ లేకుండా ఉన్నప్పుడే మీకు దాని అవసరం, సరిగ్గా అప్పుడే దాన్ని నమ్ముకోలేం. ఆయన పోయాక ఆ కాగితం చూపించి డబ్బు తీస్తే చిక్కుల్లో పడేది మీరే. అందుకని నాయన సేవింగ్స్ అకౌంట్లో మీ పేరు "ఐదర్ ఆర్ సర్వైవర్"గా, అంటే ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవాళ్లు నడుపుకునేలా చేర్పించండి. దగ్గరి బంధువైతే ఎన్నారైకీ ఆ వీలుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్లకు నామినీ ఉన్నారో లేదో ఈసారి సెలవుల్లో ఆయన్ని వెంటబెట్టుకుని బ్యాంకుకెళ్లి చూసుకోండి.